గుడికి రెండు తాళాలు

నలుగురు కూడిన చోట నాలుగు మాటలు వస్తాయి. నలభై మంది కూడిన చోట రెండు పార్టీలు వస్తాయి. ఇది ఏ ఒక్క మతానికో, కులానికో పట్టిన జబ్బు కాదు. దేవాలయ ధర్మకర్తల మండలి కానీయండి, మసీదు కమిటీ కానీయండి, పాల సహకార సంఘం కానీయండి, ఆఖరికి మా కాలేజీ స్టాఫ్ క్లబ్బు కానీయండి, ఏడాది తిరిగేసరికి లెక్కల దగ్గరో ఎన్నికల దగ్గరో మాట పట్టింపు రాక మానదు. తగాదా రావటంలో వింత లేదు. వచ్చిన తగాదాను ఆ నలభై మందీ ఏం చేసుకుంటారన్నదే చూడవలసిన సంగతి.

ఆ సంగతి చూడటానికి మా మర్పల్లి ప్రాంతం మంచి చోటు. వికారాబాదు నుంచి బీదరు వైపు పోయే రైలు దారిలో మర్పల్లి ఒక చిన్న స్టేషను. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి మాది వికారాబాదు జిల్లా. ఈ చుట్టుపక్కల పల్లెలలో ప్రొటెస్టెంటు క్రైస్తవ సంఘాలు చాలా కాలంగా వున్నాయి. వికారాబాదు అమెరికా మెథడిస్టు మిషనుకు పాత కేంద్రం. దగ్గరలోని ధారూరులో ప్రతి నవంబరులోనూ మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. 1923లో మొదలైందని చెప్పే ఆ జాతరకు జనం బండ్లమీద, బస్సులమీద, రైళ్ళమీద వచ్చి గుడారాలు వేసుకుని దిగుతారు. "జాతర" అనే మాటను మార్చకుండా వుంచుకున్నవాళ్ళు తగాదా తీర్చే "పంచాయతీ"ని మాత్రం ఎందుకు వదులుకుంటారు?

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ వ్యవహారాలలోకి నేనెలా వచ్చానంటే, మన పల్లెలలో తెలుగు ఎం.ఏ. చదివినవాడు అర్జీలు రాయటానికి పుట్టాడని అందరి నమ్మకం. పింఛను అర్జీ, భూమి అర్జీ, బస్సు ఆపమని అర్జీ, వీటితోపాటు సంఘం తగాదాల అర్జీలు కూడా ఇరవై ఏళ్ళుగా నా బల్లమీదికి వస్తున్నాయి. రాయగా రాయగా, అసలు ఈ సంఘాలను నడిపే ఏర్పాటు ఏమిటో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ అది మన పంచాయతీరాజ్ కన్నా పాతదనీ, మనందరికీ పనికివచ్చే సంగతులు అందులో వున్నాయనీ తోచింది.

వడ్డన దగ్గర తగువు

క్రైస్తవ సంఘంలో మొట్టమొదటి అంతర్గత తగాదాలలో ఒకటి సిద్ధాంతాల మీద వచ్చినది కాదు, అన్నం దగ్గర వచ్చినది. బైబిలులో అపొస్తలుల కార్యముల గ్రంథం ఆరవ అధ్యాయంలో ఆ కథ వుంది. యెరూషలేములో విధవలకు రోజూ భోజనం పెట్టేవారు. గ్రీకు భాష మాట్లాడే కుటుంబాల విధవలకు సరిగా అందటం లేదని గొణుగుడు మొదలైంది. మన పెళ్ళిళ్ళలో బంతి చివర కూర్చున్నవాళ్ళకు అప్పడం అందలేదని వచ్చే తగువు లాంటిదే.

అప్పుడు అపొస్తలులు చేసిన పని గమనించవలసింది. ఫిర్యాదు చేసినవాళ్ళను కోప్పడలేదు. వడ్డన తామే చూసుకుంటామని కూడా అనలేదు. మీలో నుంచి ఏడుగురిని ఎంచుకోండి, ఆ పని వాళ్ళకు అప్పగిస్తామన్నారు. జనం ఎంచుకున్న ఏడుగురి పేర్లు చూస్తే స్తెఫను, ఫిలిప్పు మొదలు అన్నీ గ్రీకు పేర్లే! అంటే అన్యాయం జరిగిందని మొత్తుకున్న పక్షం చేతికే గరిటె ఇచ్చారన్నమాట. ఇద్దరి మధ్య తప్పు జరిగితే ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకుపోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి అని మత్తయి సువార్తలో మూడు మెట్లు వున్నాయి. మా ప్రాంతపు సంఘ పెద్దలకు ఈ మూడు మెట్లూ కంఠతా వచ్చు. చిక్కల్లా ఏమిటంటే చాలామంది మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా మూడోదాని మీదికి ఒక్క గంతు వేస్తారు.

కట్టడం ఒకరిది, బోధకుడు ఒకరిది

ఆస్తి తగాదా మొదలు పెట్టింది మన పల్లెలవాళ్ళని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో మొదటి ప్రార్థన మందిరం కట్టించాడు. దానిని పదకొండుగురు ట్రస్టీల పేర రాయించాడు. లండనులో వున్న స్నేహితులు, వారిలో ప్రసిద్ధ బోధకుడు వైట్‌ఫీల్డ్ ఒకడు, వెంటనే హెచ్చరించారు: ఆ పదకొండుగురికీ నీ బోధ నచ్చకపోతే నువ్వు కట్టించిన గుడిలోంచి నిన్నే బయటికి పంపగలరు సుమా అని. వెస్లీ ఆ ఏర్పాటు మార్చుకున్నాడు.

మందిరాలు పెరిగినకొద్దీ చిక్కూ పెరిగింది. 1763లో ఒక నమూనా దస్తావేజు తయారైంది. మందిరం స్థానిక ట్రస్టీల పేర వుంటుంది. వెస్లీ బతికి వున్నంతకాలం ఆయనా, ఆ తరువాత బోధకుల కాన్ఫరెన్సూ పంపినవారిని అందులో బోధించనివ్వాలి. 1784లో వెస్లీ నూరుగురు బోధకుల పేర్లతో ఇంకో పత్రం రాసి, చట్టం దృష్టిలో కాన్ఫరెన్సు అంటే ఎవరో తేల్చిపెట్టాడు. తాను పోయాక తగాదా వస్తుందని ఆయనకు తెలుసు. 1791లో ఆయన చనిపోయాడు, తగాదా వచ్చింది. 1794లో బ్రిస్టల్‌లోనే ట్రస్టీలు ఒక బోధకుణ్ణి మందిరంలో అడుగు పెట్టనివ్వలేదు.

1795లో రెండు పక్షాలూ కూర్చుని రాజీ పత్రం రాసుకున్నారు. దాని ప్రకారం ఒక మందిరంలో ప్రభు సంస్కారం జరపాలంటే ట్రస్టీలలో మెజారిటీ, సంఘపు స్టూవర్డులు, లీడర్లలో మెజారిటీ ఒప్పుకోవాలి, పైగా కాన్ఫరెన్సు అనుమతి వుండాలి. బోధకుణ్ణి నియమించే హక్కు కాన్ఫరెన్సుదే. అయితే అతని నడవడి బాగాలేదని స్థానికులు అనుకుంటే జిల్లాలోని బోధకులనూ, తమ పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టి విచారణ జరిపించవచ్చు. ఎవరికీ పూర్తి గెలుపు లేదు, ఎవరికీ పూర్తి ఓటమి లేదు. వికారాబాదు జిల్లా పల్లెలో ఈనాడు "పాస్టరుగారిని బదిలీ చేయటానికి వాళ్ళెవరు? గుడి మేం కట్టుకున్నాం" అని వినబడితే, ఆ మాటకు రెండున్నర శతాబ్దాల వయస్సుందని తెలుసుకోవాలి.

మెట్ల వరుస

ఇక్కడ పాఠకులకు ఒక చిక్కు విప్పాలి. మెదకు కెథడ్రలు కట్టించిన పాస్నెట్ దొర మెథడిస్టే, వికారాబాదు మిషను దొరలూ మెథడిస్టులే, మరి ఈనాడు రెండు వేరు వేరు సంఘాలు ఎలా అయ్యాయి? పాస్నెట్ ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ శాఖవాడు. వారి సంఘాలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో, కలిసిపోయాయి. మెదకు దాని మొదటి పధ్నాలుగు డయోసిసులలో ఒకటి. అమెరికా మెథడిస్టులు అందులో కలవలేదు. 1970 నవంబరులో నాగపూరులో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కలుస్తారనుకున్నారు. ఏళ్ళ తరబడి చర్చలు జరిగాయి కూడా. ఆఖరు నెలలలో వెనక్కి తగ్గారు. 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్రంగా నిలబడ్డారు. వికారాబాదు వైపు సంఘాలు అందులోని హైదరాబాదు ప్రాంతీయ కాన్ఫరెన్సు కిందికి వస్తాయి.

ఈ ఏర్పాటు మెట్ల వరుస లాంటిది. ఊరి సంఘం మీద పాస్టరేటు, దానిమీద జిల్లా, జిల్లాకు ఒక సూపరింటెండెంటు. పల్లెలో ఆయనను "డి.యస్. గారు" అంటారు. జిల్లాల మీద ప్రాంతీయ కాన్ఫరెన్సు. అందులో పాస్టర్లూ, సంఘాలు పంపిన సామాన్యులూ కూడా కూర్చుంటారు. అన్నిటిమీద నాలుగేళ్ళకొకసారి కూడే జనరల్ కాన్ఫరెన్సు. బిషప్పులను ఎన్నుకునేది అదే. ఏ పాస్టరు ఏ ఊరికన్నది బిషప్పు నిర్ణయం. పూర్వం కాన్ఫరెన్సు ఆఖరు రోజున ఆ జాబితా చదువుతుంటే పాస్టర్ల భార్యలు పిల్లల బళ్ళ గురించి గుండెలు చిక్కబట్టుకుని వినేవారట. సి.ఎస్.ఐ.లో పేర్లు వేరు: పాస్టరేటు కమిటీ, డయోసిస్ కౌన్సిలు, సినడు. బిషప్పు పదవికి డయోసిస్ కౌన్సిలు కొన్ని పేర్లు పంపితే తుది ఎంపిక సినడు స్థాయిలో జరుగుతుంది.

తగాదా కూడా ఈ మెట్లే ఎక్కాలి. పాస్టరు మీద అభియోగం వుంటే విచారణ సంఘం, ఆపైన అప్పీలు. విచారణ లేకుండా, అప్పీలు లేకుండా ఎవరినీ తీసివేయరాదని అమెరికా మెథడిస్టులు 1808లోనే తమ నిబంధనలలో గట్టిగా రాసుకున్నారు. ఈ మెట్లలో ఏ ఒక్కటి విరిగినా జనం పక్కనున్న కోర్టు మెట్లు ఎక్కుతారు.

పిడికెడు బియ్యం

తెలుగుదేశంలో ఈ ఏర్పాటుకు పల్లె రూపం ఇచ్చినవారిలో దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య ముఖ్యుడు. తమిళదేశంలోని తిరునెల్వేలి నుంచి వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేవరకు దోర్నకల్ పీఠంలోనే వున్నాడు. ఆయన సంఘాలలో ఎక్కువమంది మాల మాదిగ కులాలవారు, కూలి చేసుకునేవారు. ఎంత బీదవారైనా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని ఆయన పట్టు. ఇల్లాలు అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి సంఘం కుండలో వేయటం ఆ పట్టులోంచి బలపడిన ఆచారం. ఊరి సంఘ పెద్దలు పంచాయతీగా కూర్చుని తాగుబోతులనూ, భార్యను కొట్టినవాళ్ళనూ, అప్పు ఎగవేసినవాళ్ళనూ విచారించేవారు. ఆ రెండు కులాల మధ్య సంఘంలోపలే వచ్చిన పొరపొచ్చాలు ఆయనకు కూడా తలనొప్పి తెచ్చాయి.

ఊరి రచ్చబండ దగ్గర దూరంగా నిలబడవలసి వచ్చిన మనుషులు, ఇక్కడ చాప మీద కూర్చుని తీర్పు చెప్పారు. ఓటు హక్కు దేశమంతటికీ రాకముందే వాళ్ళు చేతులెత్తి తమ పెద్దను ఎన్నుకున్నారు. వేలిముద్ర వేసినా ఆ పుస్తకంలో వాళ్ళ పేరు ఎక్కింది. సంఘం తగాదాలో పోయేదీ నిలిచేదీ ఇదేనని నాకు ఒక ఊళ్ళో తెలిసివచ్చింది.

ఊరి పేరూ, శాఖ పేరూ చెప్పను. పాత రాతి గుడి, ముందర రోడ్డువైపు ఖాళీ జాగా. రోడ్డు వెడల్పు కాగానే జాగాకు ధర వచ్చింది. మూడు మలిగీలు కట్టి కిరాయికిస్తే ఏటేటా డబ్బు వస్తుందని ఒక పక్షం. జాగా ప్రార్థనకు ఇచ్చారు గాని కిరాణా కొట్టుకు ఇవ్వలేదని రెండో పక్షం. అంతలో పాస్టరు బదిలీ మాట వచ్చి నిప్పు మీద నెయ్యి పోసింది. ఒక పక్షం గుడికి తాళం వేసింది. మర్నాడు రెండో పక్షం దానిపక్కనే ఇంకో తాళం వేసింది. మూడు ఆదివారాలు ఒకరి ఆరాధన చింతచెట్టు కింద, మరొకరిది బడి అరుగు మీద. క్రిస్మసు పదిహేను రోజులలో వుంది.

పొద్దున ఒక పక్షం, సాయంత్రం ఒక పక్షం నా దగ్గరికి వచ్చారు. "సారూ, జర గట్టిగ రాయుండ్రి. పోలీసు స్టేషన్ల ఇస్తం" అన్నారు ఇద్దరూ. ముందు సంఘం మినిట్సు పుస్తకం చూపిస్తేనే కలం పడతానన్నాను. పుస్తకం ఒక పాత కోశాధికారి ఇంట్లో సందుగలో దొరికింది. ఆయనే, "సారూ, ఇది కోర్టుకు పోకముందు మన పెద్దల ముంగట చదవాలె" అన్నాడు. పై అధికారికి కబురు పంపారు. ఆయన వచ్చి కుర్చీ వద్దని చాప మీద కూర్చున్నాడు. ఆయన పెట్టిన నిబంధన ఒక్కటే: పుస్తకం అంతా చదివేదాకా ఎవరూ మాట్లాడరాదు.

చదివే పని నాకు పడింది. గంటన్నర పట్టింది. ఎవరి తాత ఎన్ని రోజులు రాళ్ళు మోశాడో, ఎవరి అవ్వ ఎన్ని శేర్ల బియ్యం ఇచ్చిందో పేరు పేరునా వుంది. జాగాను అమ్మాలన్నా కిరాయికివ్వాలన్నా సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి, పై ట్రస్టు అనుమతి కావాలి అని తీర్మానం కూడా వుంది. రెండు పక్షాలకూ ఆ సంగతి తెలియదు. చదవటం అయ్యాక ఒక ముసలమ్మ లేచింది.

"బిడ్డా, ఆ తాళాలు ఎంతకు కొన్నరు?"

"ఒకటి నూటెనబై, ఒకటి రెండొందల యాబై, అవ్వా."

"ఎవరి పైసలు?"

ఎవరూ పలకలేదు. విచారిస్తే ఒకటి కానుకల డబ్బుతో, రెండోది యువజనుల చందాతో కొన్నారని తేలింది.

"మా పిడికెడు బియ్యం పైసలు పెట్టి మా గుడికే తాళాలేస్తిరా!" అన్నదామె, కూర్చున్నది.

ఆ రాత్రే రెండు తాళాలూ తీశారు. నెలలోపల రహస్య ఓటుతో కొత్త కమిటీని ఎన్నుకున్నారు. ఎన్నిక జరిపించటానికి పక్క ఊరి సంఘంవాళ్ళు వచ్చారు. మలిగీల సంగతి పైకి రాశారు. కొంతకాలానికి వద్దని జవాబు వచ్చింది. పాస్టరు బదిలీ వేళకు బదిలీ అయ్యాడు. అంతా సుఖాంతమని మాత్రం అనలేను. మలిగీల పక్షంలో పట్టుగా నిలిచిన ఒక కుటుంబం ఆనాటి నుంచీ ఆ గుడికి రావటం మానేసింది. ఆ ఇంటి తాత పేరు ఆ పుస్తకం మొదటి పేజీలోనే వుంది.

కోర్టు ఏం చేయగలదు?

అసలు కోర్టుకే పోరాదా అంటే, పోవచ్చు. రాజ్యాంగం 26వ అధికరణం ప్రతి మతశాఖకూ తన మత వ్యవహారాలు తానే నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆస్తి నిర్వహణ మాత్రం చట్ట ప్రకారం జరగాలన్నది. సివిల్ ప్రొసీజర్ కోడు 9వ సెక్షను ప్రకారం ఆస్తి హక్కు గాని, పదవి హక్కు గాని తగాదాలో వుంటే, దానికి మతాచారంతో ముడి వున్నా సివిల్ కోర్టు వినవచ్చు. కేరళ మలంకర సంఘం వ్యాజ్యంలో 1995లో సుప్రీంకోర్టు దీన్నే బలపరిచింది. సొసైటీగా రిజిస్టరయిన సంఘమైతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం 23వ సెక్షను వుంది. ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఆ చట్టం తెలంగాణాలోనూ అమలులో వుంది. దాని ప్రకారం సభ్యులు మధ్యవర్తిత్వానికి పోవచ్చు, లేదా జిల్లా కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అయితే కోర్టు కాగితం చూస్తుంది. గుజరాతులోని బ్రెదరెన్ సంఘం 1970లో ఉత్తర ఇండియా సంఘంలో కలిసింది. ఐక్యతా తీర్మానాలు జరిగాయి, ఆరాధనలు జరిగాయి. కొందరు ఒప్పుకోలేదు, వ్యాజ్యం దశాబ్దాలు నడిచింది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఏమిటంటే, కలుస్తామని తీర్మానం చేసుకున్నంత మాత్రాన పాత సొసైటీ చట్టప్రకారం రద్దు కాలేదు, ట్రస్టు ఆస్తులు చేతులు మారలేదు అని. నలభై ఏళ్ళపాటు కలిసే వున్నామనుకున్నవాళ్ళకు ఆ మాట ఎలా వుండి వుంటుందో ఊహించండి.

దీనికి ఎదురుగా మన నంద్యాల కథ వుంది. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో చాలా భాగం కలవటానికి ఒప్పుకోలేదు. కలకత్తా మెట్రోపాలిటన్ కింద వుండిపోయాయి. ఎవరూ వాళ్ళను మెడపట్టి లాగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాక, 1975లో, వాళ్ళు తమంతట తామే వచ్చి సి.ఎస్.ఐ.లో చేరారు. ఓపిక కూడా ఒక పరిపాలనా పద్ధతేనని ఈ కథవల్ల నాకు నమ్మకం కుదిరింది.

ఏ మతానికి చెందినవారైనా, ఏదో ఒక సంఘంలో సభ్యులైన పాఠకులకు నా అనుభవం కొద్దీ నాలుగు మాటలు. మినిట్సు పుస్తకం ఎవరి ఇంటి సందుగలోనూ వుండరాదు. దానికి నకలు వుండాలి. భూమి దస్తావేజులో ఏముందో ఊళ్ళో కనీసం పదిమందికి తెలిసి వుండాలి. ఎన్నిక జరిపించేవాడు ఆ ఎన్నికలో పోటీ చేసేవాడికి చుట్టం కారాదు. జమాఖర్చులు అందరికీ తెలిసే తెలుగులో, అందరి ఎదుట, పైసలతో సహా చదవాలి.

ఈ నాలుగోది చెబుతుంటే ఒక పెద్దమనిషి నన్ను అడిగారు: "అంతా చదివితే వినేదెవరండీ?" అని. అక్కడే వుంది చిక్కు. పాటల వేళకు నిండే మందిరం లెక్కల వేళకు ఖాళీ అవుతుంది. మీ సంఘంలో లెక్కలు చదివే రోజున దయచేసి కాసేపు కూర్చోండి. వినేవాళ్ళు లేని లెక్కలలోనే తప్పులు ఎక్కువ.